ఎటు ఒరగెయ్యాలె

నా ఎక్సెల్ బండికి ముల్లు పనిచెయ్యదు.
టాంకు మూత తీసి, ఒంటి కన్నుతోటి లోపలికి చూసి
ఊపుతా.
సప్పుడు విని పెట్రోలు ఎంతుందో చెప్పుడు
పదకొండేండ్ల సదువు నాది.

తెల్లారగట్ల నాలుగింటికి లక్ష్మీపురం మార్కెట్ల
రెండు గంపల టమాట, ఓ మూట వంకాయ,
కాళ్ల కాడ తోటకూర కట్టలు,
మిగిలిన జాగల నేను.
ఆడికెల్లి హన్మకొండ, కాజీపేట, మడికొండ,
రాంపూర్ దాక గల్లీ గల్లీ.

ఒకప్పుడు యాభై పోయిస్తే మాపటికి ఇంకా మిగిలేది.
ఇప్పుడు బంకుల పిల్లగాడు "ఎంత అక్కా?" అంటే
వంద అనేటందుకు గొంతు సవరించుకుంటా.
వందకు లీటరు రాదు.
పైపు తీసినంక రెండుసార్లు దులుపుమంటా.
వాడు నవ్వుతడు. దులుపుతడు.

ఫాతిమానగర్ బ్రిడ్జి నడిమిట్లకు రాంగనే
ఇంజను బంద్ చేస్తా.
అక్కడికెల్లి పల్లమే.
కింద రైలు, మీద నేను,
ఇద్దర్ల పైసా ఖర్చు లేకుండ పోయేది నేనే.

రాంపూర్ల టీచరమ్మకు
కిలోకు రెండు రూపాయలు ఎక్కువ చెప్తే
"నిన్న గింత లేదు గదనే" అన్నది.
నిన్న పెట్రోలూ గింత లేదమ్మా అందామనుకున్న.
అనలే. కరివేపాకు ఇంకో రెబ్బ ఏసిన.

ఇల్లు ఇంకా దూరముండంగనే ఆగేది బండి.
దిగి,
పాలు తాగిన పసిదాన్ని భుజానికేసుకున్నట్టు
ఎడమ దిక్కు ఒరగేసేది.
మూలకు దాక్కున్న చుక్కలు జారివచ్చేటివి.
గా చుక్కల మీదనే రెండు కిలోమీటర్లు.

"కరెంటు బండి తీస్కో చెల్లె" అన్నడు మెకానిక్ అంకూసన్న.
"ఒక్క చార్జింగుకు ఎనభై కిలోమీటర్లు పోతదట."
జెరసేపు ఆగి,
"గంపలు లేకుంటే" అన్నడు.

సంఘంల అప్పు తీసుకున్న. ఒకరు వాడినదే.
ఇంటి ఓనరు బుచ్చిరాములు
కిటికీలకెల్లి వైరు గుంజనిచ్చిండు,
దానికో చిన్న మీటరూ బిగించిండు.
రాత్రంత అది ఎర్రగ కన్ను కొడుతుంటే
మొదట్ల నిద్రే రాలే.
నెల తిరిగినంక లెక్క చూస్తే
కిస్తు పోను పద్నాలుగు వందలు మిగిలినయి.
చిన్నదానికి బూట్లు కొన్న.
ఎవ్వరికీ చెప్పలే.

అయితే ఓ ముచ్చట.
కొత్త బండికి సప్పుడు లేదు.
మడికొండ గల్లీలల్ల నా ఎక్సెల్ దగ్గు విని
గిన్నెలు పట్టుకొని బయటికొచ్చేటోళ్లు.
ఇప్పుడు వాకిట్లకొచ్చి నిలబడ్డా తలుపు తెరువరు.
ఇన్నేండ్లు నా తరఫున అరిచింది ఇంజనేనా?
"తోటకూరో..." అన్న.
బొంగురు గొంతు.
టీచరమ్మ కిటికీ తీసి
"ఎవరే?" అన్నది.

అంకూసన్న షెడ్డు ముందటికెల్లి పోతుంటే పిలిచిండు.
ఆయన చేతులు తెల్లగున్నయి.
గోర్ల సందుల నలుపు కూడ పోయింది.
"పదిహేను దినాలాయె ప్లగ్గు గీకక.
గీ బండ్లను ఎట్ల విప్పాల్నో
ఫోనుల చూసి నేర్చుకుంటున్న" అన్నడు.
నా పద్నాలుగు వందలల్ల
ఆయనవి ఎన్నున్నయో లెక్క తెల్వదు.
కిలో వంకాయలు తూకమేసిన.
పైసలు తియ్యబోయిండు. బండి ముందటికి తిప్పిన.

మొన్న గాలివానకు రాత్రంత కరెంటు లేదు.
పొద్దుగాల చూస్తే ముప్పై ఒకటి.
మార్కెట్ల ఎత్తుకొని, కాజీపేట దాటి,
మడికొండ చడావు ఎక్కుతుంటే సున్న.
గంపలు సగం కూడ తగ్గలే.
ఎండ.
దిగిన. హ్యాండిలు పట్టిన.
చెయ్యికి పాత అలవాటు,
ఎడమ దిక్కు ఒరగేసిన.

చుక్క జారలే.
గంపలకెల్లి రెండు టమాటలు మాత్రం దొర్లి
డాంబరు మీద పల్లానికి పోతున్నయి,
ఇంజను బంద్ చేసుకొని.